దొర లేని ఊరిని ఒక సాయంత్రం ఆడి చూడటం ఎలా

మీ కాలనీకి నాలుగు రోజులకోసారి నీళ్ల ట్యాంకర్ వస్తుందనుకోండి. అయిదు వేల లీటర్లు, నలభై ఇళ్లు. దగ్గరుండి పంచడానికి లీడర్ లేడు, అసోసియేషన్ ప్రెసిడెంట్ లేడు, గొడవైతే పిలవడానికి పోలీసు లేడు. షరతు ఒక్కటే: ఎవరూ ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. ఇప్పుడు నీళ్లు పంచుకోండి.

కాగితం మీద జవాబు సులువే. ఇంటికి 125 లీటర్లు, అంటే సుమారు ఎనిమిది బిందెలు. అదే నలుగురికి ఖాళీ బిందెలిచ్చి ఆడి చూపించమంటే రెండో నిమిషానికే గొంతులు లేస్తాయి. పసిపిల్లలున్న ఇల్లు ఉంది, ఒంటరి ముసలమ్మ ఉంది, టిఫిన్ బండి నడుపుకునే ఆమె ఉంది, తెల్లవారకముందే రెండు నీలం డ్రమ్ములు తెచ్చి వరసలో ముందు పెట్టేసిన మనిషి ఉన్నాడు. పాలకుడు లేకుండా, హింస లేకుండా కలిసి బతకడం అంటే ఏమిటో ఆ రెండో నిమిషంలోనే అర్థమవడం మొదలవుతుంది. జనం చూస్తూ కూర్చోకుండా లేచి ఆడే ఇలాంటి నాటకాన్ని మీ బస్తీలో, మీ ఊళ్లో, మీ కాలేజీలో ఎలా వేయాలో చెబుతాను. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కలిసొచ్చినవీ చెబుతాను, తప్పు చేసి నేర్చుకున్నవీ చెబుతాను.

ముందు మాట సంగతి

పోస్టర్ మీద ‘అరాచకవాద నాటకం’ అని రాయకండి. మన పేపర్లలో అరాచకం అంటే బస్సులు తగలబెట్టడం, ఆఫీసుల మీద పడి కుర్చీలు విరగ్గొట్టడం. ఆ మాటకి అసలు అర్థం రాజు లేకపోవడం, అంతే. ఒకరు ఆజ్ఞాపిస్తుంటే మిగతావాళ్లు భయపడి లోబడే పద్ధతి లేకుండా మనుషులు కలిసి బతకలేరా అన్నది అరాచకవాదుల ప్రశ్న. ఇది మనకి పరాయి ప్రశ్నేమీ కాదు. ఎవరికి వాళ్లు పక్కవాడికి అడ్డం రాకుండా తమని తాము ఏలుకునే స్థితి ఆదర్శమని గాంధీజీ 1931లో ‘యంగ్ ఇండియా’లో రాశారు. వివేకంతో కూడిన అరాచకం అనే అర్థంలోనే దాన్ని చెప్పారు. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు.

నేను పోస్టర్ మీద ‘దొర లేని ఊరు’ అని రాస్తాను. తెలంగాణలో ఆ మాటకి వివరణ అక్కర్లేదు. కోస్తా వైపు వెళ్తే ‘పెత్తనం లేని ఊరు’ అంటాను. మీ దగ్గర జనం నోట్లో ఏ మాట నలుగుతుందో అదే పెట్టుకోండి.

ఇంతకు ముందు ఆడినవాళ్లు

1968 జూలైలో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ నాటకోత్సవంలో లివింగ్ థియేటర్ అనే న్యూయార్క్ బృందం ‘పారడైజ్ నౌ’ ఆడింది. జూడిత్ మలీనా, జూలియన్ బెక్ 1947లో పెట్టిన బృందం అది. ఇద్దరూ అరాచకవాదులు, యుద్ధం వద్దనేవాళ్లు. నాలుగైదు గంటల నాటకాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనలా కట్టారు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే అహింసతో వచ్చే విప్లవం దగ్గరవుతుందని వాళ్ల ఊహ. మొదట్లో నటులు జనం మధ్యకి వచ్చేవాళ్లు. పాస్‌పోర్ట్ లేకపోతే కదలనివ్వరని, డబ్బు లేకపోతే బతకనివ్వరని ఒక్కొక్కరి ముఖంలోకి చూసి చెప్పేవాళ్లు. మెల్లగా మొదలైన ఆ మాట చివరికి కేక అయ్యేది. ఆఖర్న నటులూ జనమూ కలిసి తలుపులు దాటి వీధిలోకి నడిచేవాళ్లు. అవిన్యోన్‌లో వీధిలో ఉచితంగా ఆడటానికి వీల్లేదనేసరికి బృందం ఉత్సవాన్నే వదిలి వెళ్లిపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఆడి వీధిలోకి వచ్చినప్పుడు అరెస్టులు జరిగాయి.

ఆ ధైర్యానికి దండం పెడతాను. కానీ మనిషి ముఖం మీద అరిచి ‘నువ్వు స్వేచ్ఛగా ఉండు’ అనడంలో కూడా ఒక ఆజ్ఞ ఉంది. ఆ పద్ధతి మనకి వద్దు.

మనకి పనికొచ్చే పద్ధతి బ్రెజిల్ నుంచి వచ్చింది. అగస్టో బోల్ అనే నాటక దర్శకుడు 1960ల్లో తన బృందంతో పల్లెలకి వెళ్లి, భూమి కోసం రక్తం ధారపోద్దాం అంటూ వీరావేశంగా ఆడాడు. నాటకం అయ్యాక వర్జీలియో అనే రైతు వచ్చి, సరే, మీ తుపాకులు పట్టుకుని రండి, మా భూమి లాక్కున్నవాడి మీదకి ఇప్పుడే పోదాం అన్నాడు. తుపాకులు అట్టవి, నటులు పట్నం వాళ్లు. తమకి చేతకానిది పక్కవాళ్లని చెయ్యమని చెప్పే నాటకం ఇక వెయ్యకూడదని బోల్ ఆ రోజే అనుకున్నాడు. 1971లో సైనిక ప్రభుత్వం అతన్ని జైల్లో పెట్టి హింసించింది, ఆ తర్వాత దేశం వదలాల్సి వచ్చింది. 1973లో పెరూలో అక్షరాస్యత కార్యక్రమంలో పని చేస్తుండగా ఒక మోసకారి మొగుడి కథ ఆడించాడు. భార్య ఏం చెయ్యాలో చూసేవాళ్లే చెప్పాలి, నటి అది చేసి చూపించాలి. చూస్తున్న ఒకావిడకి నటి ఎన్నిసార్లు చేసినా నచ్చలేదు. అయితే నువ్వే వచ్చి చెయ్యమ్మా అన్నాడు బోల్. ఆవిడ వచ్చి, చీపురు కర్ర తీసుకుని మొగుడి వేషగాణ్ణి నిజంగానే బాదింది.

చూసేవాళ్లు లేచి ఆడే ఫోరం థియేటర్ అలా పుట్టింది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జన సంస్కృతి బృందం 1985 నుంచి పని చేస్తూ ఈ పద్ధతిని మన దేశంలో పాతుకునేలా చేసింది. వర్జీలియో తుపాకీ, ఆవిడ చీపురు కర్ర, ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. మీ నాటకంలో ఈ రెండు ఇబ్బందులూ తప్పకుండా వస్తాయి.

ఒకే ఒక్క తగాదా పట్టుకోండి

‘సమాజం’ గురించి నాటకం కట్టకండి. నీళ్లు, చెత్త, శ్మశానానికి దారి, హాస్టల్ మెస్, అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఖర్చు, చెరువు తూము కింద ఎవరి మడికి ముందు నీళ్లు అన్నది, ఇలాంటిది ఒక్కటి చాలు. అది మీరు ఆడబోయే చోట నిజంగా నలుగుతున్న తగాదా అయి ఉండాలి. అయితే పోయిన వారం తలలు పగిలిన గొడవ మాత్రం ముట్టుకోకండి. ఆరని పుండు మీద నాటకం వేస్తే మీరు ఆటో ఎక్కి వెళ్లిపోతారు, దెబ్బలు అక్కడివాళ్లకి మిగులుతాయి.

అక్కడే ఇప్పటికే పెత్తనం లేకుండా నడుస్తున్న పనేదైనా ఉందేమో వెతకండి. వ్యవసాయంలో బదులు పని ఉండేది: ఈ రోజు నీ చేనుకి నేనొస్తాను, రేపు నా చేనుకి నువ్వొస్తావు. చెరువు కింద వంతుల వారీగా నీళ్లు వదిలే నీరటి ఉండేవాడు, రాయలసీమలో నీరుగంటి అంటారు. బస్తీలో చావు జరిగితే ఎవరూ చెప్పకుండానే ఒకరు టెంట్ సంగతి చూస్తారు, ఒకరు చుట్టాలకి ఫోన్లు చేస్తారు, ఒకరు టీ పెట్టి తెస్తారు. ఇలాంటి ఒక్కదాన్ని నాటకం మొదట్లో అర నిమిషం చూపిస్తే చాలు, మనం గాల్లో మేడలు కట్టడం లేదని జనానికి నమ్మకం కుదురుతుంది.

మనుషులు, నాలుగు ఆదివారాలు

ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా సరిపోతారు. కనీసం ముగ్గురు ఆ బస్తీవాళ్లే ఉండాలి. అందరూ పెద్ద నటులు కానక్కర్లేదు, చెప్పిన టైముకి రావాలి. నాలుగు ఆదివారాలు, రోజుకి మూడేసి గంటలు పెట్టుకోండి.

మొదటి రోజు అరచేతి ఆట ఆడండి. ఇద్దరిద్దరు నిలబడాలి. ఒకరు తమ అరచేతిని రెండో మనిషి ముఖానికి జానెడు దూరంలో పెడతారు. చెయ్యి ఎటు కదిలితే ముఖం అటు, అదే దూరంలో కదలాలి. చెయ్యి కిందకి దిగితే మనిషి నేల మీద పాకాలి. అయిదు నిమిషాలయ్యాక మార్చుకోండి. తర్వాత ఇద్దరూ ఒకేసారి చెయ్యి ఎత్తి, ఒకరినొకరు నడిపించాలి. మొదట పిచ్చి పిచ్చిగా ఉంటుంది. కాసేపటికి ఇద్దరూ వేగం తగ్గించి ఒకరి కళ్లు ఒకరు చూసుకుంటారు. ఆట అయ్యాక ఒకటే అడగండి: ‘నడిపించేటప్పుడు బాగుందా, నడిచేటప్పుడా?’ నడిచేటప్పుడే హాయిగా ఉంది, ఆలోచించే పని లేదు అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ జవాబుని కొట్టిపారెయ్యకండి. దొరలు ఎందుకు నిలుస్తారో అందులో సగం ఉంది.

రెండో రోజు కుర్చీల ఆట. ఆరు కుర్చీలు, ఒక బల్ల, ఒక నీళ్ల సీసా. ఇదీ బోల్ నుంచి వచ్చిందే. ఒక కుర్చీ మిగతా వాటికంటే బలమైనదిగా కనిపించేలా సర్దమంటాడు ఆయన. మాటలు వద్దు, ఒకరు సర్దాక ఇంకొకరు మార్చాలి. నేను దీనికి రెండో భాగం కలుపుతాను: ఏ కుర్చీకీ బలం లేకుండా సర్దండి.

ఒక డిగ్రీ కాలేజీలో ఇది ఆడినప్పుడు మొదటి భాగం పది నిమిషాల్లో అయిపోయింది. బల్ల మీదకి ఒక కుర్చీ ఎక్కింది, మిగతావి దానివైపు తిరిగాయి. రెండో భాగానికి గంట పట్టింది. గుండ్రంగా వేశారు, సీసా మధ్యలో పెట్టారు. ఒకమ్మాయి వచ్చి ఒక కుర్చీని నాలుగు అంగుళాలు జరిపింది, అది ఫ్యాన్ కిందే ఉందని. ఇంకో అబ్బాయి గుమ్మం దగ్గరున్న కుర్చీ తిప్పాడు, వచ్చేపోయేవాళ్లు దానికే కనిపిస్తున్నారని. బల్ల బయట పెట్టేశారు. ఇక అయిపోయింది అనుకుంటుంటే వెనక నుంచి ఒక పిల్ల, ‘సార్, ఆయమ్మకి కుర్చీ ఏది?’ అంది. గదికి తాళం వెయ్యడానికి ఆయమ్మ అరగంట నుంచి గుమ్మంలో నిలబడి ఉంది. మాలో ఎవ్వరం చూడలేదు. మీ రిహార్సల్ గదిలో అలా నిలబడి ఉన్నదెవరో మొదటి రోజే చూసుకోండి. చాయ్ ఎవరు తెస్తున్నారు, గ్లాసులు ఎవరు కడుగుతున్నారు, ప్రతిసారీ చివరి మాట ఎవరిది అవుతోంది? పెత్తనం లేని ఊరి గురించి పెత్తనంతో రిహార్సల్ నడిపితే అది నాటకంలో కనిపించి తీరుతుంది.

మూడు బొమ్మలు

మూడో ఆదివారం మాటలు లేకుండా, ఒంటితో మూడు బొమ్మలు నిలబెట్టించండి. మొదటిది ఇప్పటి సంగతి: ట్యాంకర్ దగ్గర ఎవరు ఎక్కడ, ఎలా నిలబడతారు. రెండోది కావాల్సిన సంగతి. మూడోది రెంటికీ మధ్యది, దీన్నుంచి దానికి ఎలా వెళ్లాం అన్నది.

రెండో బొమ్మ దాదాపు ప్రతిచోటా ఒకేలా వస్తుంది: చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి నవ్వుతుంటారు. దాని మీద టైం పెట్టకండి. అసలు సరుకంతా మధ్య బొమ్మలో ఉంటుంది. అక్కడ చాలామంది పెద్దాయన మనసు మారిపోయినట్టు, తాళాలు తనంతట తానే ఇచ్చేసినట్టు నిలబెడతారు. ఇది జరిగేపనేనా అని వాళ్లనే అడగండి. జరిగిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు తమకి 80 ఎకరాలు కావాలన్నారు. ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా భావే సభలో అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఒక మనిషి అలా లేచి నిలబడటం చిన్న సంగతి కాదు, దానితోనే భూదానోద్యమం పుట్టింది. ఆ తర్వాత దేశమంతా దానం వచ్చిన భూమిలో సాగుకి పనికిరానిది చాలా ఉంది, పంచకుండా మిగిలిపోయింది చాలా ఉంది. కాబట్టి మీ బొమ్మలో పెద్దాయన మనసు మారితే మారనివ్వండి. కానీ వెంటనే ఇంకో బొమ్మ అడగండి: ఆయన మనసు మారని రోజున మీరు ఎక్కడ నిలబడతారు?

కథ కట్టడం

పన్నెండు నిమిషాలు దాటకూడదు. మూడు ముక్కలు.

మొదటి ముక్కలో ట్యాంకర్ డ్రైవర్ ఫోన్ నంబరు ఒక్క పెద్దాయన దగ్గరే ఉంటుంది. ఆయన చెప్పిన వరసలో నీళ్లు పడతాయి. ఆయన్ని రాక్షసుణ్ణి చెయ్యకండి. ‘నేను లేకపోతే మీరు కొట్టుకు చస్తారమ్మా’ అని ఆయన నిజంగానే నమ్ముతాడు.

రెండో ముక్కలో ఆయన ఊరెళ్లాడు. ట్యాంకర్ వచ్చే రోజు రేపే. జనం కూర్చుని తామే పంచుకోవాలనుకుంటారు. ఇక్కడ ఒప్పందం చేసుకునే పద్ధతిని ఆటగా చూపించాలి. చేతులెత్తి ఓటు వేస్తే ఇరవై ఒక్క ఇళ్లు కలిసి పంతొమ్మిది ఇళ్ల నోరు నొక్కగలవు. క్వేకర్లనే క్రైస్తవ శాంతివాదులు మూడు వందల ఏళ్లకు పైగా తమ సభల్లో ఓటు లేకుండానే నిర్ణయాలు చేస్తున్నారు. ఆ దారిలో మేము బిందెలతో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఇంటి ముందూ ఒక బిందె. నిలబెడితే ఒప్పుకున్నట్టు. పడుకోబెడితే, నాకు నచ్చలేదు గానీ అడ్డుపడను అని. బోర్లిస్తే, ఇది జరగడానికి వీల్లేదు అని. ఒక్క బిందె బోర్లించి ఉన్నా మాట మళ్లీ మొదటికి రావాలి. అందరూ ఒక్కోసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. చూసేవాళ్లకి ఇది ఒక్క చూపులో అర్థమవుతుంది. ఇత్తడి బిందె బోర్లించినప్పుడు ఠంగుమనే చప్పుడుకి పక్క వీధి వాళ్లు కూడా తొంగి చూస్తారు.

మూడో ముక్కలో ఒప్పందం తెగుతుంది. అందరూ ఎనిమిదేసి బిందెలకి ఒప్పుకున్నారు, డ్రమ్ముల మనిషి తెల్లారి నాలుగింటికే వచ్చి పైపు తన డ్రమ్ములో పెట్టేశాడు. రెండు డ్రమ్ములు, 400 లీటర్లు. ముసలమ్మ వంతు వచ్చేసరికి పైపులో గాలి. పెద్దాయన ఊరి నుంచి వచ్చి, ‘చూశారా, నేను ముందే చెప్పలా?’ అంటాడు. సరిగ్గా అక్కడ ఆపెయ్యండి. పరిష్కారం చూపించకండి. నాటకం ఓడిపోయినచోట ఆగితేనే జనం లేస్తారు.

మాట వినని మనిషి

మీ సాయంత్రమంతా ఆధారపడేది ఈ పాత్ర మీద. అందరి నోటా వచ్చే ప్రశ్న కూడా ఇదే: ‘అన్నీ బాగానే ఉన్నాయన్నా, మరి వాడు వినకపోతే?’ దీనికి మీ బృందం సిద్ధంగా లేకపోతే మిగతాదంతా వృథా.

డ్రమ్ముల మనిషి వేసే నటుడికి రెండు సంగతులు నేర్పండి. ఒకటి, సులువుగా లొంగకూడదు. ఎవరో వచ్చి ‘తప్పు కదా అన్నా’ అనగానే కళ్లనీళ్లు పెట్టుకుంటే జనం మోసపోయామనుకుంటారు. రెండు, బండరాయిలా కూడా ఉండకూడదు. అతనికి ఒక కారణం ఉండాలి, దాన్ని ఎవరైనా సరిగ్గా తడిమితే కదలాలి. మా నటుడికి మేము ఇచ్చిన కారణం: ఇంట్లో మంచం పట్టిన తండ్రి, రోజుకి మూడుసార్లు దుప్పట్లు ఉతకాలి, ఆ సంగతి పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గు. అడగనిదే చెప్పడు. చాలా ఆటల్లో ఎవరూ అడగలేదు.

జనం ఏం చేస్తారో ముందే చెబుతాను. మొదట వచ్చేవాడు డ్రమ్ము తన్ని పడేస్తాడు. ఇది పెరూ ఆవిడ చీపురు కర్రే. తిట్టకండి, ఆపకండి, ఆడనివ్వండి. తర్వాత అడగండి: ‘రేపు నాలుగింటికి ఇతను తన అన్నదమ్ములతో వస్తే?’ చేతికి దొరికినదానితో కొట్టబోతే మాత్రం వెంటనే ఆపాలి. మా దగ్గర ఆపడానికి ఒక గుర్తుంది, నటుడు రెండు అరచేతులూ నేలకి ఆనిస్తాడు. ఆ గుర్తు కనబడితే ఎవరైనా ఆగాల్సిందే.

తర్వాత వచ్చేది వెలి. ‘అతని ఇంటితో ఎవరం మాట్లాడొద్దు, పాలు పొయ్యొద్దు, పిలుపులకి పిలవొద్దు’ అంటారు. చెయ్యి ఎత్తలేదు కదా, అహింసే కదా అని వాదిస్తారు. ఇక్కడ మీరు మెత్తబడకండి. మన ఊళ్లలో వెలి ఎవరి మీద పడిందో అందరికీ తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఆ వర్గాలవాళ్లని సాంఘికంగా బహిష్కరించడం నేరం. కొట్టకుండా మనిషిని చంపే పద్ధతులు మన దగ్గర చాలా ఉన్నాయని జనం తమ నోటితో అనేదాకా ఆ మాట మీదే ఉండండి.

అరుదుగా, మీరు ఊహించనిది వస్తుంది. ఊరి బయట ఒక కాలనీలో ఆడినప్పుడు అరవై దాటినామె, అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నామె, లేచి వచ్చింది. డ్రమ్ముల మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. డ్రమ్ము మూత వేసింది, దాని మీదెక్కి కూర్చుంది, కాళ్లు ఊపుతూ అతని ముఖంలోకి చూసింది. ‘నన్ను దించి నింపుకో నాయనా’ అంది. నటుడు పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రిహార్సల్స్‌లో మేము అనుకున్న జవాబు ఒక్కటీ పనికిరాలేదు. నేను జనాన్ని అడిగాను, ఇది బలవంతమా, కాదా అని. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. అడ్డం కూర్చోవడం బలవంతమేనని ఒక కుర్రాడు, ఆమె అతన్ని ఏమీ చెయ్యలేదు, తనని తానే అడ్డం పెట్టుకుంది కదా అని ఇంకో అమ్మాయి. సత్యాగ్రహం మీద అంత మంచి చర్చ నేను ఏ సెమినార్‌లోనూ వినలేదు.

చోటు, జనం

స్టేజీ వద్దు, మైకు వద్దు. నలభై నుంచి ఎనభై మంది, చుట్టూ గుండ్రంగా. బుర్రకథకి, వీధి భాగవతానికి అలవాటుపడ్డ జనం మనవాళ్లు, దగ్గరగా కూర్చోవడం కొత్తేమీ కాదు. కలకత్తాలో బాదల్ సర్కార్ 1970ల్లో స్టేజీ, లైట్లు, టికెట్లు వదిలేసి నాటకాన్ని నేల మీదకి దించింది కూడా ఈ దగ్గరతనం కోసమే. రోడ్డు మీదో, పార్కులోనో ఆడితే పోలీస్ పర్మిషన్ సంగతి ముందే చూసుకోండి. కమ్యూనిటీ హాలు, గుడి ముందు ఖాళీ, స్కూల్ వరండా అయితే టెన్షన్ తక్కువ. కానీ ఆ చోటికి అందరూ రాగలరా అన్నది అడిగి తెలుసుకోండి. గుడి ముందు పెడితే రాలేనివాళ్లు ఎవరో మీకే తెలుస్తుంది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఒక ఊళ్లో ఊరు మధ్య రచ్చబండ దగ్గర ఆడాం. బిందెలన్నీ నిలబడ్డాయి, ఒక్కటీ బోర్లించలేదు, అందరూ ఒప్పుకున్నారని మురిసిపోయాను. సామాన్లు సర్దుకుంటుంటే వాడ నుంచి వచ్చిన ఒక పెద్దామె దగ్గరికొచ్చి, ‘సారూ, వాళ్ల ముందర మేం బిందె ఎట్ల బోర్లిస్తం?’ అంది. కాసేపాగి, ‘పోలీసు లేని ఊరంటున్నరు. మావోణ్ణి కొట్టినప్పుడు కేసు పెట్టకపోతే ఇంకోణ్ణి కొట్టేటోళ్లు’ అంది. నా దగ్గర జవాబు లేదు.

పల్లె తనంతట తాను చక్కగా ఏలుకుంటుందనే కలని 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలోనే అంబేద్కర్ తిప్పికొట్టారు. పల్లె సంకుచితత్వానికి, అజ్ఞానానికి గుహలాంటిదని ఆయన ఉద్దేశం. ఈ నాటకం ఆడేవాళ్లంతా ఆ మాటకి ఎదురుగా నిలబడి ఆడాలి. రాజ్యం పోతే దాని వెనకున్న కులం పోతుందా, ఇంకా బలపడుతుందా? దీన్ని దాటేసే నాటకం అబద్ధం చెబుతున్నట్టే. అందుకని ఇప్పుడు మూడు పనులు చేస్తాను. మొదటి ఆట వాడలోనే, వాళ్లు చెప్పిన కథతోనే వేస్తాను. ఊరంతా కలిసి ఆడేటప్పుడు బిందెల బదులు మూత ఉన్న డబ్బాలో గింజలు వేయిస్తాను, ఎవరు ఏ గింజ వేశారో తెలియదు. అందరూ ఒప్పుకున్నారని అనిపించిన ప్రతిసారీ, ‘ఇక్కడ మాట్లాడకుండా ఉన్నదెవరు?’ అని అడిగి, జవాబు కోసం చూడకుండా కాసేపు ఊరుకుంటాను.

ఆట నడపడం

నడిపే మనిషిని బోల్ జోకర్ అన్నాడు, అంటే పేకలో జోకరు. రమ్మీ ఆడేవాళ్లకి తెలుసు, ఏ ముక్క పక్కన పెట్టినా ఇమిడిపోతుంది, ఏ పక్షానిదీ కాదు. ఆ పని ఒక్కరే పట్టుకుని కూర్చోకుండా ఇద్దరు, ముగ్గురు వంతులు వేసుకోండి.

మొదట పది నిమిషాలు జనంతోనే చిన్న ఆట ఆడించండి, అరచేతి ఆట చాలు. తర్వాత నాటకం ఒకసారి పూర్తిగా. తర్వాత రెండే ప్రశ్నలు: ‘ఇది మన దగ్గర ఇలాగే జరుగుతుందా?’, ‘ఎక్కడ ఇంకోలా చెయ్యొచ్చు?’ ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆడుతూ, ‘ఎవరికైనా ఇక్కడ వేరేగా చెయ్యాలనిపిస్తే ఆగు అని అరవండి’ అని చెప్పండి. అరిచినవాళ్లు వచ్చి నటుడి భుజం మీద చెయ్యి వేస్తారు, అతను తప్పుకుంటాడు, వాళ్లు ఆ పాత్రలోకి వస్తారు. నష్టపోతున్నవాళ్ల పాత్రలనే మార్చనివ్వండి. డ్రమ్ముల మనిషిని మార్చి మంచివాణ్ణి చేసేస్తే ఆడటానికి ఏమీ మిగలదు.

కూర్చున్నచోటు నుంచి సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ‘బాగుంది బాబాయ్, ఒక్కసారి వచ్చి చేసి చూపించండి’ అనండి. రాకపోతే బలవంతపెట్టకండి. మొదటి మనిషి లేవడానికి ఒక్కోసారి మూడు, నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ నిశ్శబ్దానికి భయపడి మీరే మాట్లాడేస్తే పనంతా చెడుతుంది. మీ బృందంలోని మనిషిని జనంలో కూర్చోబెట్టి లేపే పని అస్సలు వద్దు.

ఒక్కొక్కరు చేసి వెళ్లాక చప్పట్లు కొట్టించండి. చప్పట్లు ఆ జవాబు మంచిదని కాదు, లేచి వచ్చినందుకు. ఆ తర్వాత ‘ఇది నిలబడుతుందా?’ అని అడగండి. వానో, మంచి డ్రైవరో, ఆకాశం నుంచి ఇంకో ట్యాంకరో ఊడిపడితే, ‘ఇది మాయా?’ అని జనాన్నే అడగండి, వాళ్లే చెబుతారు. ‘పెద్దాయన్నే మళ్లీ పిలుద్దాం’ అని ఎవరైనా అంటే, దాన్నీ పూర్తిగా ఆడించండి. మీకు నచ్చని జవాబుని కోసెయ్యడం మొదలుపెట్టిన నిమిషం నుంచి ఆ ఊరి దొర మీరే. గంటన్నర దాటకుండా ముగించండి.

తర్వాత

ఊపు మీద ఉన్నప్పుడు ‘పదండి, ఇప్పుడే పోయి ఆయన ఫోన్ లాక్కుందాం’ అని ఎవరో ఒకరు అంటారు. వర్జీలియో వచ్చాడన్నమాట. మీరు ఆ కాలనీలో ఉండనివాళ్లయితే ఆ మాటకి ఊ కొట్టే హక్కు మీకు లేదు. కూర్చోబెట్టి, ఒక్క చిన్న పని అడగండి: ఈ నెల మీరే చేసి చూడగలిగింది ఏమిటి? టిఫిన్ బండి నడుపుకునే ఒకావిడ ఒకచోట, డ్రైవర్ నంబరు గోడ మీద బొగ్గుతో రాసేద్దాం అంది. అంతకంటే పెద్ద నిర్ణయం ఆ రోజు జరగలేదు, ఆ రాత్రే రాసేశారు.

నెల తర్వాత తప్పకుండా వెళ్లండి. నాటకం ఎలా ఉందని అడగొద్దు, నీళ్లు ఎలా పడుతున్నాయని అడగండి. చాలాచోట్ల ఒక నోటుబుక్కు పుట్టి ఉంటుంది: ఏ రోజు ట్యాంకర్ వచ్చింది, ఎవరికి ఎన్ని బిందెలు, ఎవరి వంతు మిగిలింది. అడిగి తీసుకుని పేజీలు తిప్పి, చేతిరాత చూడండి. రెండు, మూడు రకాల రాతలుంటే చాయ్ తాగి వచ్చెయ్యండి. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకటే రాత కనిపిస్తే, ఆ నోటుబుక్కు ఎవరింట్లో ఉంటోందో కనుక్కుని, రెండో నాటకం దాని మీదే కట్టండి.